ఊపిరికి తోడు

మన యిండ్లలో వెంటిలేటరనగా గోడపై భాగమున, కప్పునకు దిగువగా వదలిన చిన్న గవాక్షము. వంటయింటి పొగ బయటికి పోవుటకును, పిచ్చుకలు గూడు పెట్టుటకును, పిల్లలు బంతి విసరి అద్దము పగులగొట్టుటకును అది యుపయోగపడుచుండెడిది. ఆ పేరు విన్న నెవరికిని భయము కలిగెడిది కాదు. ఇప్పుడా మాట ఆసుపత్రి దారిని మరల మన యింటికి వచ్చి వేఱొక యర్థమును సంపాదించుకొన్నది. "వెంటిలేటరు మీద పెట్టినారట" అని యొకరు చెప్పగానే వినువారు పెదవి విఱచి, బంధువులకు కబురు పంపితిరా యని యడుగుదురు. 2020, 2021 సంవత్సరముల కరోనా కాలమున ఈ యర్థము మఱింత గట్టిపడినది. యంత్రమునకప్పగించుట మృత్యువునకప్పగించుటకు ముందటి మెట్టని నూటికి తొంబదిమంది నమ్మకము.

పెద్దవారి విషయమున నీ నమ్మకమెంతవఱకు నిజమో వైద్యులు చెప్పవలయును. మేము చెప్పదలచినది నెలలు నిండక పుట్టిన పసికందులనుగూర్చి. వారి పట్ల ఈ మాటకు మనము కల్పించుకొన్న యర్థము తప్పు. తప్పయి యూరకుండిన బాగుండును. అది ప్రాణములమీదికి తెచ్చుచున్నది. శిశువునకు తగిలించిన యంత్రము శిశువునకు బదులుగా ఊపిరి పీల్చుట లేదు. శిశువు పీల్చు నూపిరి బరువులో కొంత పాలు తాను పట్టుచున్నది. ఎంత పాలు పట్టవలెను, ఎంత బిడ్డకే విడువవలెను అన్నదియే అఱువది సంవత్సరములనుండి శిశువైద్యులు శోధించుచు వచ్చిన ప్రశ్న. ఆ కథ మన గృహములయందు తెలియకుండుట వలన నేమి జరుగునో మేము కన్నులార చూచితిమి.

మూడేండ్ల క్రిందట మా అక్కగారి కూతురు 29 వారములకే ప్రసవించినది. ఆడశిశువు, బరువు 1,150 గ్రాములు, మోచేయి మొదలు వ్రేళ్ల కొనల వఱకైనను రాని పొడవు. పుట్టగానే సన్నగా నేడ్చినది. పిమ్మట మూలుగసాగినది. ముక్కునకు చిన్న గొట్టములమర్చి కొన్ని గంటలు చూచిరి. నడురాత్రికి శిశువు అలసి, నడుమనడుమ ఊపిరి మానివేయుచుండగా, శ్వాసనాళములోనికి గొట్టము దించి యంత్రమునకు తగిలించిరి. తెల్లవారుసరికి వసారాలో ఇరుపక్షముల పెద్దలును చేరిరి. మా మేనకోడలి మామగారు మంచివారే. ఊరిలో పెద్దమనిషి యనిపించుకొన్నవారు. ఆయన మమ్ము ప్రక్కకు పిలిచి, "బావగారూ, మిషను ఊదితే పొట్ట ఎగిరే బొమ్మకీ దీనికీ తేడా ఏముందండీ? పైగా ఆడపిల్ల. రోజుకిన్ని వేలు పోసి గాలి కొనాలా? ఇంటికి తీసుకుపోదాం" అనిరి.

ఆయన మాటలోని రెండవ భాగమునకు జవాబు చెప్పుటకు మాకు వైద్యశాస్త్రమక్కఱలేదు. అక్కడనే చెప్పితిమి, కొంచెము గట్టిగానే చెప్పితిమి. మొదటి భాగమునకు మాత్రము జవాబు మాకును తెలియదు. యంత్రము ఊదుచున్నదా, బిడ్డ పీల్చుచున్నదా? తెలిసికొనుటకు లోపలికి పోతిమి.

ఊపిరి పీల్చుట యొక పని యని మనకు తోచనే తోచదు. సంస్కృతమున "అన" ధాతువునకు ఊపిరి విడుచుట, జీవించుట రెండును అర్థములే. ప్రాణమన్న శబ్దము దానినుండి పుట్టినది. మన భాషలు రెంటిని వేఱుచేయకుండుటకు కారణము ఊపిరి మనకు అంత సులభముగా నుండుటయే కావచ్చును. ఊరక కూర్చున్న ఆరోగ్యవంతుని శరీరము తాను వాడు ప్రాణవాయువులో నూటికి ఐదు పాళ్లకు మించి ఈ పనికి వెచ్చింపదు. నెలలు నిండని శిశువు సంగతి వేఱు. దాని కది రోజంతయు బండ లాగు పని.

ఏల యనగా, మా పాఠశాలలో సైన్సు చెప్పు సహోపాధ్యాయుడు చేసి చూపు ప్రయోగమొకటి కలదు. ఒక గొట్టము రెండు కొనలయందును రెండు సబ్బుబుడగల నూది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చేసి, నడుమనున్న మర తిప్పి రెంటికిని దారి కలుపును. రెండును సమానమగునని పిల్లలందఱును ముక్తకంఠముతో చెప్పుదురు. జరుగునది వేఱు. చిన్నది మఱింత చిన్నదై, తన గాలినంతయు పెద్దదానికి ధారపోసి అణగిపోవును. లోకరీతియు నంతే యని మా మిత్రుడు నవ్వును. తడిపొర యెప్పుడును ముడుచుకొనవలెననియే చూచును. బుడగ యెంత చిన్నదైన, ఆ బిగువు లోపలి గాలిని అంత గట్టిగా నొత్తును. మన ఊపిరితిత్తులలో ఇట్టి గాలిబుడగలు కోట్లకొలది కలవు. అన్నిటికిని లోపల తడిపొర యున్నది. అవి ముడుచుకొని పోకుండుటకు దేహము సబ్బువంటి జిడ్డుపదార్థము నొకదానిని తయారు చేసి లోపల పూయును. దానిని సర్ఫాక్టెంటందురు. బుడగ చిన్నదగుకొలది అది తడిపొర బిగువును అంతకంతకు సడలించును. గర్భములో నిది చాలినంతగా సిద్ధమగునది 34, 35 వారముల ప్రాంతమున. అంతకు ముందు పుట్టిన బిడ్డకు గాలిబుడగలు ఊపిరి విడిచిన ప్రతిమాఱును అతుకుకొని పోవును. మనకు జన్మమున కొకసారి మొదటి ఊపిరి. ఆ బిడ్డకు నిమిషమునకు అఱువది మాఱులు మొదటి ఊపిరియే.

నెలలు నిండని బిడ్డల ప్రాణములు తీయుచుండిన ఊపిరిజబ్బునకు ఈ లోపమే కారణమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ అనువారు అమెరికాలో కనిపెట్టిరి. అంతకు ముందు కారణమే తెలియదు. కారణము తెలిసిన తరువాతను వెంటనే మందు రాలేదు. 1963 ఆగస్టు 7వ తేదీని ఆ దేశాధ్యక్షుడు జాన్ కెనడీకి 34 వారములకే కుమారుడు పుట్టెను. బరువు రెండు కిలోలకు పైమాటే. ఈ జబ్బే. ప్రపంచములో నెవరికిని లేని సంపదయు నధికారమును ఆ తండ్రికి కలవు. బిడ్డను బోస్టనుకు చేర్చి, ప్రాణవాయువు దట్టించిన ఉక్కుగదిలో నుంచిరి. 39 గంటలు మాత్రమే బ్రదికెను. నేడు మన జిల్లా కేంద్రముల యందును అట్టి శిశువులు అనేకులు బ్రదికి యింటికి పోవుచున్నారు. గాలి కొనుటకు కెనడీకి అంగడి దొరకలేదని మా బావగారితో పిమ్మట చెప్పితిమి.

ఈ మధ్యకాలమున వచ్చిన మార్పునకు మూలము ఒక మూలుగు. మా పాప మూలుగుచుండగా ఆడువారందఱును, అయ్యో, నొప్పికి మూలుగుచున్నదని కన్నీరు పెట్టుకొనిరి. అది నొప్పి మూలుగు కాదు. ఊపిరి విడుచునప్పుడు శిశువు కంఠబిలమును సగము మూసి, గాలిని పూర్తిగా పోనీయక లోపల పట్టి యుంచును. ఆ మూతనుండి జారు గాలి చప్పుడే మూలుగు. అట్లు పట్టి యుంచిన గాలి వలన బుడగలు అతుకుకొనవు; తరువాతి ఊపిరి కొంత తేలికయగును. ఎవరును నేర్పకయే, కిలో బరువు లేని శిశువు భౌతికశాస్త్రమును తెలిసికొని తన యంత్రమును తానే చేసికొనుచున్నది! గొట్టము దించినచో ఆ మూత తెఱచుకొని పోవును, మూలుగు ఆగును, బిడ్డ మఱింత క్షీణించును. దీనిని కనిపెట్టి శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జార్జి గ్రెగరీ యను వైద్యుడును ఆయన తోడివారును, బిడ్డ మూలుగుతో చేయుదానిని మనమే బయటినుండి చేసిపెట్టుదమని తలచి, శ్వాసమార్గమున ఎడతెగని కొద్దిపాటి ఒత్తిడి నిలిపిరి. 1971లో ప్రకటించిన వారి లెక్కలో 20 మంది శిశువులు. 16 మంది బ్రదికిరి. దీనినే సీపాప్ అందురు. ఇది ఊదునది కాదు. ఊపిరి యంతయు బిడ్డదే. తలుపు మూసికొని పోకుండ అడ్డుపెట్టిన చెప్పువలె ఒత్తిడి యొకటి నిలిచియుండును, అంతే.

ఆ ఒత్తిడి నిలుపుట కొక పద్ధతి యున్నది. దానిని చూచినప్పుడు మాకు కలిగిన సంతోష మింతింత కాదు. ఒక సీసాలో నీళ్లు. బిడ్డ ముక్కునుండి వచ్చిన గొట్టపు కొన ఆ నీటిలో ముంచి యుందురు. కొన యైదు సెంటీమీటర్ల లోతున నున్నచో ఒత్తిడియు ఐదు సెంటీమీటర్ల నీటి యెత్తే. ఆఱవలె నన్న ఇంకొక సెంటీమీటరు దింపవలెను. గాలి బుడబుడ మనుచు బయటికి వచ్చుచున్నంతకాలము ఒత్తిడి సరిగా నున్నట్లే. చప్పుడాగినచో ఎక్కడనో గాలి పోవుచున్నట్లే. ఎనిమిదవ తరగతి పిల్లవానికి చెప్పి అర్థము చేయింపగల యుపకరణము.

కాని అలసిన బిడ్డకు అది చాలదు. పసివారి ప్రక్కటెముకలు మెత్తని మృదులాస్థి. లోపలికి గట్టిగా పీల్చినచో గాలి వచ్చుటకు మాఱు ఱొమ్మే లోపలికి గుంటపడును. ఉదరవితానమను కండరము బల్లపరుపుగా నుండి, త్వరగా సొమ్మసిల్లును. మెదడులోని ఊపిరి కేంద్రము ఇంకను పండనిది, నిద్రలో మఱచిపోవును. అప్పుడు యంత్రము రావలెను. టెలిఫోనును కనిపెట్టిన అలెగ్జాండరు గ్రాహాంబెల్లు కుమారుడు 1881లో పుట్టి, ఊపిరాడక కొన్ని గంటలలోనే పోయెను. ఆ దుఃఖముననే బెల్లు ఱొమ్మునకు తొడుగు శ్వాసకవచ మొకటి చేసి చూచెను. కోరిక యంత పాతది. కోరిక తీఱుటకు ఎనుబదియేండ్లకు పైగా పట్టినది.

తొలి యంత్రములు గడియారము చెప్పినట్లు ఊదునవి. నిమిషమునకు ముప్పదియని త్రిప్పినచో ముప్పది. బిడ్డ పీల్చుచున్నదా, విడుచుచున్నదా యను విచారము దానికి లేదు. పెద్ద దూలము నెత్తు కూలివాండ్రను చదువరులు చూచియుందురు. ఒకడు పాట యందుకొనును. "ఐలేసా" యన్నప్పుడు అందఱును ఒక్క పట్టు పట్టుదురు. పాట యొకటి, పట్టు వేఱొకటి యైనచో దూలము లేవదు సరికదా యెవని నడుమో విఱుగును. ఆనాటి యంత్రము తానే పాటగాడై కూర్చుండెను. బిడ్డ ఊపిరి విడుచుచుండగా అది ఊదెడిది; గాలి యెదురెదురై లేత ఊపిరితిత్తులు చిట్లి, గాలి ఱొమ్ములోనికి వెడలెడిది. దీనికి ఆనాడు తోచిన చికిత్స యేమి? బిడ్డ యంత్రముతో పోరాడుచున్నదని, క్యూరారె జాతి మందులతో కండరములను చచ్చుపరచుట! కూలివాని పట్టు కలియకున్న వాని చేతులు కట్టివేయుటవంటిది. అనేకుల నది బ్రదికించినది. ఆ వైద్యులను నిందింపము. తెలిసినది అంతవఱకే. కాని పాఠశాలలయందు బెత్తముతో నెన్నియేండ్లుగానో ఇదే పని చేసిన వృత్తివారము గనుక ఆ ఘట్టమును చదువునప్పుడు మా మనస్సు కలుక్కుమన్నది.

1970 ప్రాంతమున రాబర్టు కిర్బీ మొదలగువారు యంత్రపు గొట్టములో గాలి యెడతెగక ప్రవహించునట్లు చేసి, రెండు ఊదుళ్ల నడుమ బిడ్డ తన యిష్టమువచ్చినట్లు పీల్చుకొనుట కవకాశము కల్పించిరి. అదియే పంపకమునకు నాంది. తరువాత యంత్రమునకు వినుట నేర్పిరి. బిడ్డ గొట్టపు మొదట వెండ్రుకవంటి తీగె నొకదానిని వేడిచేసి యుంచుదురు. గాలి కదలినచో తీగె చల్లబడును. ఎంత చల్లబడెనో దానినిబట్టి ఎంత గాలి కదలెనో యంత్రము లెక్కగట్టును. మా పాప పీల్చునది ఒక్కొక్క ఊపిరికి ఆఱు మిల్లీలీటర్లు. ఉగ్గుగిన్నె యడుగు తడుపునంత. ఆ పీల్పు నిలుచునది సెకనులో మూడవవంతు. ఇంతలోనే యంత్రము, ఇదిగో మొదలుపెట్టినదని పసిగట్టి, చెయ్యందీయవలెను. ఆలస్యమైనచో పాట దాటిపోయిన పట్టే. గొట్టములో చేరిన నీటిబొట్టు కదలినను ఒకప్పుడు అది బిడ్డ ఊపిరియే యనుకొని ఊదును. అందుకే నర్సులు మాటిమాటికి ఆ నీటిని దులుపుచుందురు. ఇప్పుడు పాటగాడు మాఱెను. ఐలేసా యనునది బిడ్డ; పట్టు పట్టునది యంత్రము.

మాకిది చూపినది రాత్రి పని ముగించి పోవుచుండిన యొక చిన్న వయస్సు డాక్టరమ్మ. తెఱమీద పరుగిడు గీతలను చూపి, "మాస్టారూ, రంగు మారిన గీతలన్నీ పాప మొదలుపెట్టినవి. పాప మరిచిపోయినప్పుడు మాత్రం మిషను తనంతట తాను ఇస్తుంది" అన్నది. మేము గడియారము పట్టుకొని లెక్కించితిమి. ఒక నిమిషములో 58 గీతలు. అందు 51 పాపవి, 7 యంత్రమువి. వసారాలోనికి వచ్చి, ఈ 51 సంగతి బావగారితో చెప్పితిమి. ఆయన నమ్మలేదు. తామే లోపలికి వచ్చి లెక్కించెదననిరి. రెండు నిమిషములు లెక్కించిరి. మొదటి నిమిషమున 49. రెండవ నిమిషమున తప్పిపోయితినని మూడవ నిమిషము కూడ లెక్కించిరి. ఇంటికి తీసికొనిపోవు మాట ఆ పూట మఱల రాలేదు.

పంపకములో ఇంకను నేర్పరితనమున్నది. ఒక్కొక్క ఊపిరికి ఇన్ని మిల్లీలీటర్లు చేరవలెనని వైద్యులు నిర్ణయించి యుంచుదురు. బిడ్డ తానే బలముగా పీల్చి చాలభాగము తెచ్చుకొన్నచో యంత్రము తన ఒత్తిడిని తానే తగ్గించుకొనును. బిడ్డ నీరసించినచో పెంచును. ఈ పద్ధతి వలన, పాతపద్ధతికన్న, మరణములును ఊపిరితిత్తుల దీర్ఘవ్యాధియు తగ్గినవని అనేక పరీక్షలను కలిపి చూచి తేల్చిరి. 1999లో క్రిస్టర్ సిండర్బీ మొదలగువారు ప్రకటించిన మఱియొక పద్ధతిలో, పాలు పోయు సన్నగొట్టముననే లోహపు పట్టీలుండి, ఉదరవితానమునకు మెదడు పంపు విద్యుత్సంకేతమును పసిగట్టును. గాలి కదలుటకు పూర్వమే, బిడ్డ పీల్చవలెనని తలచినంతనే, తలచినంత మేరకే యంత్రము సాయపడును. ఇది మన యూళ్లలో అరుదు. మా పాపకు లేదు.

అంత గొప్ప యంత్రమున్నప్పుడు పనియంతయు అదియే చేసి, పసిదానికి విశ్రాంతి నీయరాదా యని మా అక్కగారు అడిగినది. తల్లి మనసు అట్లే యడుగును. డాక్టరమ్మ కూడదన్నది. కారణములు మేము పిమ్మట చదివి తెలిసికొంటిమి. ఊపిరితిత్తులు నిండుగా ఉబ్బినచో "చాలు" నని మెదడునకు కబురుపోయి పీల్పు ఆగునని 1868లోనే వియన్నాలో హేరింగు, బ్రాయరు అనువారు చూపిరి. పసివారిలో ఇది బలముగా పనిచేయును. యంత్రము మితిమీరి ఊదినచో బిడ్డ పీల్చుట మానివేయును. మానిన కండరము క్షీణించును. పెద్దవారిలో, ఒక దినము మొదలు మూడు దినములలోపున యంత్రమే పూర్తిగా ఊపిరి నడపినచో ఉదరవితానపు తంతువులు సగమునకు పైగా సన్నగిల్లినట్లు 2008లో ప్రకటించిరి. ఇక బలముగా ఊదుట వలని హాని వేఱు: యంత్రముతో బ్రదికిన పసివారి ఊపిరితిత్తులలో మచ్చలు కట్టిన క్రొత్తవ్యాధిని 1967లోనే విలియం నార్త్‌వే అనువారు వర్ణించిరి. తక్కువ సాయము బిడ్డను అలయించి చంపును. ఎక్కువ సాయము బిడ్డ శక్తిని చంపును. ఈ రెంటి నడుమ త్రోవ గంటగంటకును మాఱుచుండును. అందుకనియే ఆ డాక్టరమ్మ రాత్రి మూడుమాఱులు లేచి వచ్చి మరలను అర అంగుళము త్రిప్పి పోవుచుండెను. బిడ్డ చేయిపట్టి పలకమీద అక్షరము దిద్దించు పని నిరువదియేండ్లుగా చేయుచున్నాము. పట్టు ఎప్పుడు సడలింపవలెనో మాకిప్పటికిని ప్రతిబిడ్డతోను క్రొత్తగానే యుండును.

ఇక్కడ కాఫీ విషయమొకటి చెప్పక తప్పదు. నిద్రలో ఊపిరి మఱచు శిశువులకు మెదడును మేల్కొలుపుటకు కఫీను నిత్తురు. 2006లో ప్రకటించిన పెద్ద పరీక్షలో, సుమారు 2,000 మంది పసివారిలో, కఫీను పొందినవారు ఒక వారము ముందుగా యంత్రపు ఒత్తిడిని విడిచి బయటపడిరి. కాఫీ త్రాగువారిని భ్రష్టులని తిట్టెడి మా పెదతల్లిగారికి ఈ సంగతి చెప్పగా, ఆమె కొంతసేపు ఆలోచించి, "డికాక్షనా, పాలు కలిపా?" అని యడిగినది.

నవ్వులట్లుండ, మాకు కోపము తెప్పించిన విషయములు రెండు. ఒకటి, మైల. బాలింత పదిదినములు గది దాటరాదని అత్తవారు పట్టుపట్టిరి. బిడ్డ యొకచోట, తల్లి యొకచోట. తల్లి పాలు సీసాలో ప్రయాణము చేయుచుండెను. తల్లి యెదపై చర్మమునకు చర్మము తగులునట్లు శిశువు నుంచుకొను పద్ధతి 1970 దశకపు చివర కొలంబియాలోని బొగొటా నగరమున మొదలై లోకమంతట వ్యాపించినది. ముక్కున గొట్టములతో నున్న శిశువులనుగూడ అట్లుంచుదురు. వెచ్చదనము నిలుచును, ఊపిరి కుదుటపడును. యంత్రము చేయు సాయమున కది చెల్లెలు. పురిటిమైల పేర దీనిని బిడ్డకు దూరముచేయు నాచారమును సమర్థింపగల ధర్మశాస్త్రము మాకు కనబడలేదు. కనబడినను మేము లెక్కచేసియుండము. నాలుగవదినమున మా అక్కగారే కూతురి చేయిపట్టుకొని తీసికొనివచ్చినది.

రెండవది, గడియలు. నొప్పులు తెల్లవారుజామున మొదలైనవి. అమావాస్య గడియలు వెళ్లినగాని ఇల్లు కదలరాదని సాయంకాలము వఱకు ఆపిరి. ఏడవనెల నొప్పులతో వచ్చిన తల్లికి వైద్యులు స్టెరాయిడు సూది వేయుదురు. న్యూజీలండు దేశమున లిగిన్సు అను వైద్యుడు గొఱ్ఱెలపై పరిశోధన చేయుచు, ఆ మందు సోకిన నెలతక్కువ పిల్లలు ఊపిరి పీల్చి నిలుచుట చూచి యబ్బురపడెను. హోవీ యను తోడివైద్యునితో కూడి 1972లో, తల్లులకిచ్చినచో శిశువుల ఊపిరితిత్తులు గర్భముననే ముందుగా సిద్ధమగునని చూపెను. మందు చవుక. ఒక దినము వ్యవధితో రెండు మోతాదులు పడవలెను. మొదటిది పడిన తరువాత కొన్ని గంటలైనను గడువు కావలెను. మా మేనకోడలికి ఒక సూది పడినది. రెండవదానికి ముందే, పదిగంటలలో, బిడ్డ వచ్చినది. ఉదయముననే కదలియుండినచో ఆ గడువు రెట్టింపయి యుండును. యంత్రము పట్టిన బరువులో కొంత పాలు అమావాస్య మోపినదే. యంత్రపు బాడుగ చూచి గుండె బాదుకొనువారు, ఈ లెక్కను పంచాంగమునకు వ్రాయుట యెఱుగరు.

గొట్టము దించిన రాత్రియే సర్ఫాక్టెంటు మందును శిశువు ఊపిరితిత్తులలో పోసిరి. పశువుల ఊపిరితిత్తులనుండి తీయునది. 1980లో జపానులో ఫుజివారా అనువారు మొదట సఫలముగా నిచ్చిరి. దానితో గాలిబుడగలు తెఱచుకొన్నవి. మూడవదినమునకు యంత్రము పట్టు ఒత్తిడి సగమునకు తగ్గెను. ఐదవదినమున తెఱమీది గీతలలో యంత్రమువి ఒకటో రెండో. గొట్టమే ఒక భారము. దాని లోపలి వెడల్పు రెండున్నర, మూడు మిల్లీమీటర్లు. అందుగుండ పీల్చుట సన్నని పుల్లగొట్టముతో చిక్కని మజ్జిగ త్రాగుటవంటిది. కాబట్టి చివరిదాక కొంత సాయముంచి, ఒక్కసారిగా గొట్టమును తీసివేయుదురు. ఆఱవదినము ఉదయమున తీసిరి. వెంటనే ముక్కునకు సీపాప్ తగిలించి, నీటిసీసాలో గొట్టపు కొనను ఆఱు సెంటీమీటర్ల లోతున నుంచిరి.

ప్రక్క పడకలోని శిశువు పత్తిచేల కూలిపనివారి బిడ్డ. మగశిశువు, మా పాపకన్న చిన్నవాడు. రక్తములో చీము చేరి పదుమూడవదినమున పోయెను. అన్ని సాయములును జరిగినవి. తల్లి నర్సుతో, "వాడు ఎప్పుడన్నా సొంతంగా పీల్చాడా అమ్మా?" అని యడుగుట మేము వింటిమి. ఆఖరి రెండుదినములు తప్ప ప్రతిదినమును పీల్చినాడని నర్సు చెప్పినది; అది నిజము, ఆ గీతలు మేమును చూచితిమి. ఆ తల్లి ఆ మాటను మఱల చెప్పించుకొన్నది.

మా బావగారు ప్రతిదినమును సాయంకాలము వచ్చి సీసా ముందు నిలుచుండెడివారు. బుడగల చప్పుడు ఆగలేదు కదాయని వినుట మొదటి పని. ఎంత లోతున్నదని యడుగుట రెండవ పని. ఆఱు ఐదైన దినమున ఇంటికి ఫోను చేసి చెప్పిరి. ఐదు మఱల ఆఱైన దినమున అన్నము తినలేదని వియ్యపురాలుగారు చెప్పిరి. నర్సులు ఆయనకు స్కేలుతాతగారని పేరు పెట్టుకొనిరి. పదునొకండవ దినమున ఆ సీసాను తీసివేసిరి.